ఆసుపత్రిలో చేరే ముందు ఆ వారం

డెంగీ జ్వరానికో అపెండిసైటిస్ ఆపరేషన్‌కో ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మన ఇళ్లలో ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఒకరు ఫ్లాస్కు వెతుకుతారు, ఒకరు ఇన్సూరెన్స్ కార్డు తీస్తారు, పిన్నో అత్తో వచ్చి వంటిల్లు చూసుకుంటుంది. పక్కింటివాళ్లు క్యారియర్ పంపుతారు. అదే పదిహేడేళ్ల అమ్మాయిని తిండి రుగ్మతతో చేర్పించాలని డాక్టర్ చెబితే ఇల్లంతా మూగబోతుంది. తినకపోవటం కూడా ఓ జబ్బేనా? దానికి ఆసుపత్రా? అదీ మానసిక వైద్యుల వార్డులోనా? ఇంకో పది రోజులు చూద్దాం, దగ్గర కూర్చోబెట్టి నేను తినిపిస్తానంటుంది అమ్మ. ఇంటర్ పరీక్షలు కానివ్వండి అంటాడు నాన్న. ఆ పది రోజులు మూడు నెలలవుతాయి.

ఈ వారం మాటలు అలాంటి ఇళ్ల కోసం. డాక్టర్ తేదీ ఇచ్చిన రోజుకీ, వార్డులో మంచం చేతికొచ్చిన రోజుకీ మధ్య ఉండే ఆ నాలుగైదు రోజుల్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది మన దగ్గర ఎవరూ విడమరిచి చెప్పరు. బ్యాగు సర్దటానికి అరగంట చాలు. కుటుంబం సిద్ధపడటానికే టైమ్ పడుతుంది.

ముందుగా ఒక్క విషయం గట్టిగా మనసులో పెట్టుకోండి. ఇది మొండితనం కాదు, ఫ్యాషన్ కాదు, మీ పెంపకంలో లోపం కూడా కాదు. బరువు పెరుగుతానేమోనన్న భయంతో తిండిని కోసుకుంటూ పోయే అనొరెక్సియా, అదుపు లేకుండా తినేసి ఆ తర్వాత వాంతి చేసుకోవటమో మరోటో చేసే బులీమియా వైద్యశాస్త్రానికి బాగా తెలిసిన జబ్బులు. లండన్ వైద్యుడు విలియం గల్ అనొరెక్సియా నెర్వోజా అని పేరు పెట్టి నూట యాభై ఏళ్లయింది. అప్పటికి ఇన్‌స్టాగ్రామ్ లేదు. ఇప్పుడున్న ఇన్‌స్టాగ్రామ్ ఆజ్యం పోస్తుందేమో గానీ నిప్పు అంతకుముందు నుంచే ఉంది. మానసిక రుగ్మతలన్నిటిలో ప్రాణాపాయం బాగా ఎక్కువగా ఉండేవాటిలో అనొరెక్సియా ఒకటి. పస్తులతో నీరసించిన గుండె లయ తప్పటం అందుకు ఒక కారణమైతే, ఆత్మహత్య మరో కారణం. అందుకే డాక్టర్ 'చేర్పించండి' అన్నప్పుడు ఆ మాటను జాతకం చూపించి, ముహూర్తం పెట్టించి వాయిదా వేసే మాటగా తీసుకోవద్దు.

అబ్బాయైతే అసలు అనుమానమే రాదు. జిమ్‌కి వెళ్తున్నాడు, అన్నం మానేసి గుడ్లు తింటున్నాడు, కండ పెంచుతున్నాడని మురిసిపోతాం. మగపిల్లల విషయంలో ఆసుపత్రికి వచ్చేసరికే బాగా ఆలస్యమవటానికి ఇదే కారణం.

ఇంట్లో కాదు, ఆసుపత్రిలోనే చూడాలి అని డాక్టర్లు ఎప్పుడంటారు? బరువు ఒక్కటే చూసి కాదు. ఎదిగే పిల్లల్లో పగటిపూట మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తగ్గినా, బీపీ బాగా పడిపోయినా, ఒళ్లు చల్లబడుతున్నా, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా, తిండీ నీళ్లూ పూర్తిగా మానేసినా అది చేర్పించాల్సిన స్థితే. వాంతులు చేసుకునేవారిలో పొటాషియం పడిపోయి, చూడటానికి బాగానే ఉన్న మనిషికి గుండె లయ తప్పవచ్చు. 'మా అమ్మాయి మరీ సన్నగా ఏం లేదండీ' అనే తల్లిదండ్రులు గమనించాల్సింది ఇదే. మొదట లావుగా ఉండి కొద్ది నెలల్లోనే బాగా తగ్గిన పిల్లల శరీరం, బయటికి మామూలు బరువుతో కనిపిస్తున్నా, లోపల ఆకలితో అలమటిస్తూ ఉండొచ్చు. రక్తపరీక్షలన్నీ నార్మల్ వచ్చాయి కదా అని కూడా ధైర్యం తెచ్చుకోవద్దు. శరీరం చివరిదాకా ఆ అంకెలను సర్దుకుంటూ వస్తుంది. ఈసీజీ, నాడి, లేచి నిలబడినప్పుడు బీపీ కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక ఆ వారం సంగతి. చాలా ఇళ్లలో జరిగే పని ఒకటుంది. ఆసుపత్రికి వెళ్లేలోపు కాస్త బలం పట్టిద్దామని అమ్మమ్మ నెయ్యి అన్నం, జీడిపప్పు పాయసం, సున్నుండలు అంటూ మొదలుపెడుతుంది. లేదంటే వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్లి 'నీరసంగా ఉంది, ఓ గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి' అంటారు. రెండూ ప్రేమతో చేసేవే. రెండూ ప్రమాదమే.

వారాల తరబడి పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా బాగా తిండో గ్లూకోజో అందితే ఇన్సులిన్ పెరుగుతుంది. దాంతో రక్తంలో ఉన్న ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోయి రక్తంలో వాటి మోతాదు హఠాత్తుగా పడిపోతుంది. గుండె, ఊపిరి తీసుకునే కండరాలు దెబ్బతింటాయి. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, ఆకలితో ఎండిపోయిన ఖైదీలకు విముక్తి దొరికి కడుపునిండా తిండి పెడితే కొందరు ప్రాణాలు వదలటంతో వైద్యులకు ఈ సంగతి బోధపడింది. గ్లూకోజ్‌తో మరో చిక్కు కూడా ఉంది. ఒంట్లో బి1 విటమిన్ అడుగంటినవారికి ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు హాని జరగొచ్చు. వార్డులో డాక్టర్లు మొదటి వారం రోజూ రక్తం తీసేది, తిండిని లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయేది ఇందుకే. 'ఇంత కొంచెమే పెడుతున్నారేంటి, ఇందుకేనా ఇన్ని వేలు కట్టింది' అని అక్కడ గొడవ పడకండి.

అలాగని ఇప్పుడు తింటున్నది తగ్గించమని కాదు. తింటున్నది మానకుండా చూడండి. ఎంత పెంచవచ్చో చేర్చుకోబోయే డాక్టర్‌నే అడగండి. ఈలోపు కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ వచ్చినా, మాట తడబడినా సోమవారం దాకా ఆగొద్దు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, అక్కడున్న డ్యూటీ డాక్టర్‌కు మొదటి మాటగానే 'ఇన్ని వారాలుగా సరిగా తినటం లేదు' అని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఎక్కించే సెలైన్ మారిపోతుంది.

ఏ ఆసుపత్రి అన్నది తర్వాతి ప్రశ్న. విదేశాల్లో ఈ రుగ్మతలకే ప్రత్యేకంగా వార్డులుంటాయి. మన తెలుగు రాష్ట్రాల్లో అలాంటివి చాలా అరుదు. ఇక్కడ చికిత్స సాధారణంగా పెద్ద ఆసుపత్రుల మానసిక వైద్య విభాగంలోనో, నాడి మరీ తక్కువగా ఉంటే ముందు ఫిజీషియన్ దగ్గరో పిల్లల వైద్యుల దగ్గరో మొదలవుతుంది. కాబట్టి పేరును బట్టి కాకుండా, అక్కడ ఎవరెవరు ఉన్నారన్నది చూసి ఎంచుకోండి. మానసిక వైద్యులు, ఫిజీషియన్, డైటీషియన్, సైకాలజిస్ట్ నలుగురూ ఒకే కప్పు కింద ఉండి, ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటైతే మంచిది. ఐసీయూ ఉందా, అర్ధరాత్రి ఈసీజీ తీయగలరా అనేది కూడా తెలుసుకోండి. 'ఇలాంటి కేసులు ఇంతకుముందు చూశారా? భోజనం దగ్గర ఎవరు కూర్చుంటారు? డిశ్చార్జ్ అయ్యాక ఎన్ని రోజులకోసారి రావాలి?' అని ముందే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. చీర కొనేటప్పుడు అంతకంటే ఎక్కువే అడుగుతాం.

చట్టం గురించి కూడా రెండు ముక్కలు. 2018 మే నెలలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండినవారు తమ ఇష్టంతోనే చేరతారు. జబ్బు తీవ్రత వల్ల నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే వారి ప్రతినిధి దరఖాస్తు మీద, నిపుణులు విడివిడిగా పరీక్షించాక 30 రోజుల వరకు చేర్చుకునే వీలుంది. పద్దెనిమిది లోపు పిల్లలైతే తల్లిదండ్రులు దరఖాస్తు ఇస్తారు. ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి అవసరమని తేల్చాలి. పెద్దవాళ్లతో కలపకుండా వేరుగా ఉంచాలి. తల్లిదండ్రుల్లో ఒకరో, వారు నియమించిన మనిషో అక్కడ ఉన్నన్ని రోజులూ పక్కనే ఉండాలి. ఆడపిల్లకు తోడుగా తండ్రే ఉంటుంటే, ఒక మహిళా అటెండెంట్‌ను పెట్టాలి. ఇవన్నీ మీ హక్కులు.

అదే చట్టం, శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తించాలని చెప్పింది. ఐఆర్‌డీఏఐ కూడా 2018లోనే బీమా కంపెనీలను ఆదేశించింది. అయినా క్యాష్‌లెస్ కౌంటర్ దగ్గర 'సైకియాట్రీ కవర్ కాదండీ' అనే మాట ఎదురైతే నోటిమాటతో వెనుదిరగొద్దు. ఏ నిబంధన కింద కాదంటున్నారో రాతపూర్వకంగా అడగండి. పాలసీలో ఈ జబ్బులకు ఖర్చు పరిమితి పెట్టారేమో, వెయిటింగ్ పీరియడ్ ఉందేమో ఆ వారంలోనే చదివి పెట్టుకోండి. చేరాక చదవటానికి మనసు ఉండదు.

పిల్లకు ఎలా చెప్పాలి

నన్నడిగితే ఆ వారంలో అన్నిటికంటే పెద్ద పని ఇదే. 'షాపింగ్‌కి వెళ్దాం రా' అని కారెక్కించి ఆసుపత్రి దగ్గర దింపటం, 'జస్ట్ చెకప్' అని చెప్పి రాత్రికి అక్కడే వదిలేయటం లాంటివి చేసే ఇళ్లున్నాయి. వాళ్ల అవస్థ అర్థమవుతుంది. కానీ అలా చేస్తే, రేపు భోజనం ముందు కూర్చుని 'ఇది తిను, నీకేం కాదు' అని మీరు చెప్పే మాటను ఆ పిల్ల ఎందుకు నమ్మాలి? ఈ జబ్బుకు చికిత్స అంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

ముందురోజో రెండు రోజుల ముందో, భోజనం టైమ్ కాని టైమ్‌లో, అమ్మానాన్నలిద్దరూ కూర్చుని చెప్పండి. పెద్ద ప్రసంగం అక్కర్లేదు. 'నాన్నా, నీ గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందట. ఇంట్లో ఉంచి చూడటం ఇక కుదరదన్నారు. సోమవారం చేరుతున్నాం. అమ్మ నీతోనే ఉంటుంది. ఇది నీ తప్పని ఎవరూ అనుకోవటం లేదు.' అంతే. ఆ తర్వాత ఏడుస్తుంది, అరుస్తుంది, రేపటి నుంచి తింటానని ఒట్టు పెడుతుంది. ఆ ఒట్టు అబద్ధం కాదు, ఆ క్షణంలో నిజంగానే అనుకుంటుంది. కానీ జబ్బు దాన్ని నిలబెట్టుకోనివ్వదు. 'మంచిది, తిందువుగాని. అయినా సోమవారం వెళ్తున్నాం' అనండి. ఇక్కడ ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి. నాన్న కరిగిపోయి 'పోనీ ఇంకో వారం చూద్దాం' అంటే, అమ్మ శత్రువైపోతుంది.

చచ్చిపోతానని అంటే బెదిరింపు అని కొట్టిపారేయకండి. ఆ మాట డాక్టర్‌కు వెంటనే చెప్పండి, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తాళం వేసి పెట్టండి, ఒంటరిగా వదలకండి.

ఒకప్పుడు నవ్వుతూ తిరిగిన పిల్ల ఇలా రాక్షసిలా ఎందుకు మారిందని కుమిలిపోయే తల్లులకు ఒక పాత ప్రయోగం గురించి చెప్పాలి. 1944 చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను తీసుకున్నాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్నవారు వాళ్లంతా. ఇష్టపడే ముందుకొచ్చారు. ఆరు నెలల పాటు వాళ్లకు దాదాపు సగం తిండే పెట్టారు. ఏ మానసిక జబ్బూ లేని ఆ మగవాళ్లు చిరాకు పడ్డారు, కుంగిపోయారు, స్నేహితులకు దూరమయ్యారు. పొద్దస్తమానం తిండి గురించే ఆలోచించారు, వంటల పుస్తకాలు కూడబెట్టారు, పళ్లెంలో ఉన్న కాస్తా గంటల తరబడి కెలికారు. మళ్లీ తిండి పెట్టినా మామూలు మనుషులు కావటానికి నెలలు పట్టింది. అంటే మీ పిల్లలో మీకు కనిపిస్తున్న కోపం, తాను తినకుండా ఇంట్లో అందరికీ కేకులు చేసి పెట్టటం, గదిలో ముడుచుకుపోవటం చాలావరకు ఆకలి చేయిస్తున్న పనులు. కడుపు నిండటం మొదలైతే గానీ కౌన్సెలింగ్ కూడా బుర్రకెక్కదు. ముందు తిండి, తర్వాత మాటలు అని డాక్టర్లు అనేది అందుకే.

డాక్టర్ కోసం ఒక కాగితం, పిల్ల కోసం ఒక బ్యాగు

ఓ తెల్లకాగితం మీద మీకు తెలిసినదంతా రాసుకెళ్లండి. ఎప్పుడు మొదలైంది, ఏ నెలలో ఎంత బరువుంది, నెలసరి చివరిసారి ఎప్పుడు వచ్చింది, కళ్లు తిరిగి ఎన్నిసార్లు పడింది. నెలసరి ఆగిందని గైనకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లి హార్మోన్ మాత్రలు వాడి ఉంటే అదీ రాయండి. ఆ మాత్రలతో వచ్చిన నెలసరిని చూసి అంతా బాగుందనుకునే ప్రమాదముంది. విరేచనాల మాత్రలు, త్రిఫల చూర్ణం, సునాముఖి, బరువు తగ్గే పొడులు, థైరాయిడ్ మాత్రలు, జిమ్‌లో ఇచ్చిన డబ్బాలు ఏవి వాడినా దాచకండి. షుగర్ ఉండి ఇన్సులిన్ వాడే పిల్లలైతే ఆ సంగతి మొదటి వరసలోనే ఉండాలి.

ఇంకో ప్రశ్న కూడా తప్పక అడుగుతారు. ఇష్టాయిష్టాలు ఎప్పటి నుంచి? పుట్టినప్పటి నుంచి శాకాహారి అయితే వార్డులోనూ శాకాహారమే పెడతారు. కానీ మొన్నటిదాకా ఆదివారం చికెన్ కోసం ఎదురుచూసిన పిల్ల, జబ్బు మొదలైన నెలలోనే జీవకారుణ్యం అంటూ మాంసం, ఆ తర్వాత గుడ్డు, పాలు, నూనె ఒక్కొక్కటే వదిలేసిందంటే అది వేరే కథ. ఉపవాసాలదీ అంతే. మీ ఇంట్లో శనివారం ఒంటిపూట ఉండటం మీ అత్తగారి కాలం నుంచి వస్తున్న అలవాటు కావచ్చు. కానీ ఏనాడూ గుడికి రాని పిల్ల ఉన్నట్టుండి సోమవారం, గురువారం, శనివారం ఉపవాసాలుంటుంటే, అమ్మ మెచ్చుకోలు చాటున జబ్బు దాక్కుంటోందేమో చూడాలి. భక్తిని తప్పుపట్టటం కాదిది. జబ్బున్నన్నాళ్లూ ఉపవాసం వద్దంటే ఏ దేవుడూ కోపగించుకోడు.

బ్యాగు సంగతికొస్తే, వదులుగా ఉండే బట్టలు ఎక్కువ పెట్టండి. బరువు పెరిగే కొద్దీ పాత జీన్స్ బిగిసిపోవటం ఆ పిల్లకు రోజూ ఓ శిక్షే. ఒంట్లో కొవ్వు లేక ఎప్పుడూ చలిగా ఉంటుంది కాబట్టి స్వెట్టర్, సాక్సులు, మెత్తటి దుప్పటి కావాలి. చేతులకు పని ఇచ్చేవి చాలా అవసరం. భోజనం అయ్యాక వచ్చే అరగంటా గంటా అందరికంటే కష్టంగా గడిచే సమయం. అల్లిక, రంగులు వేసే పుస్తకం, క్యారమ్స్, పాటలు, ఏదైనా సరే. పాఠ్య పుస్తకాలు ఒకటి రెండు చాలు. ఇంటి దగ్గర వదిలేయాల్సినవి ఫిట్‌నెస్ బ్యాండ్, కేలరీలు లెక్కపెట్టే యాప్‌లు, బరువు తూచే మిషన్, పైన చెప్పిన చూర్ణాలు. ఫోన్ ఎంతసేపు ఇస్తారో ఆసుపత్రినే అడిగి, ఆ మాట పిల్లకు ముందే చెప్పండి. అక్కడికెళ్లాక లాక్కుంటే యుద్ధమే.

వార్డులో ఏం జరుగుతుందో కూడా ముందే తెలిస్తే సగం భయం పోతుంది. సాధారణంగా రోజుకు మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి టైమ్ ప్రకారం ఉంటాయి. పక్కన నర్సో డైటీషియనో కూర్చుంటారు. తిన్నాక కాసేపు బాత్రూమ్‌కి ఒంటరిగా పంపరు. పొద్దున్నే ఒకే రకం బట్టల్లో బరువు చూస్తారు, చాలాచోట్ల ఆ అంకె పిల్లకు చూపించరు. మీరూ చెప్పకండి. మొదట్లో నడక, మెట్లెక్కటం కూడా వద్దంటారు. నోటితో అసలే తీసుకోలేని స్థితి ఉంటే ముక్కు ద్వారా గొట్టం వేస్తారు. అది శిక్ష కాదని, మందు లాంటిదని పిల్లకు డాక్టరే చెప్పేలా చూడండి.

కడుపు ఉబ్బరం, మలబద్ధకం, పాదాల వాపు మొదటి వారాల్లో మామూలే. చిన్నగా తినటానికి అలవాటు పడిన కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. 'చూడు, పొట్ట వచ్చేసింది' అని పిల్ల ఏడిస్తే, అది కొవ్వు కాదు, తగ్గిపోతుందని చెప్పండి. మీరు కంగారుపడి జీర్ణానికని వాము నీళ్లు, చూర్ణాలు ఇవ్వటం మొదలుపెట్టొద్దు.

మన దగ్గర రోగితోపాటు ఇంటి మనిషి ఉండటం పేదరికం వల్ల వచ్చిన అలవాటని కొందరు చిన్నచూపు చూస్తారు. కానీ 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి, వాళ్లను చికిత్సలో భాగం చేశారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో కుటుంబంతో కలిసి చికిత్స పొందే వార్డు దశాబ్దాలుగా నడుస్తోంది. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు 1980ల్లో అనొరెక్సియా ఉన్న పిల్లలకు తల్లిదండ్రులే భోజనం బాధ్యత తీసుకునే పద్ధతిని రూపొందించి, అది బాగా పనిచేస్తుందని చూపించారు. కాబట్టి అటెండెంట్‌గా ఉన్న రోజుల్లో కుర్చీలో కూర్చుని సీరియల్ చూడకండి. నర్సు పిల్లతో భోజనం దగ్గర ఏం మాట్లాడుతుందో, ఏం మాట్లాడదో గమనించండి. బతిమాలటం ఉండదు, బెదిరింపు ఉండదు, 'నా కోసం ఒక్క ముద్ద' ఉండదు. రేపు ఇంట్లో ఆ కుర్చీలో కూర్చోవాల్సింది మీరే.

ఎప్పుడూ అమ్మే ఉండాలని కూడా లేదు. నాన్న వారానికి రెండు రోజులైనా సెలవు పెట్టి ఉండాలి. నేనైతే ఇది తప్పనిసరి అంటాను. తిండి అమ్మ డిపార్టుమెంటు అనుకునే ఇంట్లో ఈ జబ్బు అమ్మనూ బిడ్డనూ కలిపి ఓ గదిలో బంధించేస్తుంది. ఇంకో మాట. అమ్మ తానే సాయంత్రం అన్నం మానేసి, అద్దం ముందు పొట్ట పట్టుకుని చూసుకుంటూ, నాన్న మేనత్త లావు మీద జోకులేస్తూ ఉంటే వార్డులో నేర్చుకున్నదంతా గుమ్మంలోనే ఆగిపోతుంది. ఇంట్లో మిగిలిన తమ్ముడినీ మర్చిపోకండి. అక్కకు ఏమైందో వాడికి తగ్గట్టు చెప్పాలి, వాడిని కాపలాదారుగా వాడుకోకూడదు.

బంధువులకు ఏం చెప్పాలన్న బెంగ చిన్నదేమీ కాదు, పెళ్లి సంబంధాల దాకా వెళ్తుంది మన ఆలోచన. అందరికీ చాటాల్సిన పనిలేదు. 'గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, పోషకాహార లోపం, కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండమన్నారు' అంటే అబద్ధం కాదు. టైఫాయిడ్ అని అల్లితే ఆ అబద్ధాన్ని రేపు కాలేజీలో మోయాల్సింది ఆ పిల్ల. చూడటానికి వస్తామనేవాళ్లను మొదటి రెండు వారాలు ఆపండి. పళ్ల బుట్ట, హార్లిక్స్ సీసా పట్టుకొచ్చి 'ఎలా అయిపోయావే' అనేవాళ్లు చేసే నష్టాన్ని పూడ్చటానికి డాక్టర్లకు మూడు రోజులు పడుతుంది. కాలేజీకి మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చి, హాజరు, పరీక్ష ఫీజు సంగతి చేరక ముందే తేల్చుకోండి. పరీక్ష సప్లిమెంటరీలో రాయొచ్చు.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో చదువుకుంటున్న పిల్లకు ఈ పరిస్థితి వస్తే లెక్క కొంచెం వేరు. అక్కడ ప్రత్యేక వార్డులుంటాయి గానీ తల్లిదండ్రులు పక్కన పడుకునే వీలు సాధారణంగా ఉండదు. పద్దెనిమిది దాటిన పిల్ల అనుమతి లేకుండా డాక్టర్ మీతో వివరాలు మాట్లాడరు. 'మా అమ్మానాన్నలకు చెప్పవచ్చు' అనే సంతకం చేరేరోజే చేయించమని ఫోన్‌లో పిల్లనే అడగండి.

చివరగా డిశ్చార్జ్. సాధారణంగా వారానికి అరకిలో నుంచి కిలో దాకా పెరిగేలా చూస్తారు. కాబట్టి వారాలు పడుతుంది. మూడో వారానికి బుగ్గలు కాస్త నిండగానే 'బాగైపోయింది, ఇంటికి తీసుకెళ్తాం' అని సంతకం పెట్టి వచ్చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. బరువు వచ్చినంత త్వరగా ఆలోచన మారదు. ఇంటికొచ్చిన మొదటి కొన్ని వారాలు, నెలలే జబ్బు మళ్లీ తిరగబెట్టే కాలం. ఆసుపత్రి టైమ్‌టేబుల్‌నే ఇంట్లో కొనసాగించాలి, ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి, తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ రాసిచ్చాకే బయటికి రావాలి.

ఇంటికొచ్చిన రోజు ఎదురింటావిడ తలుపు తీసి 'అబ్బ, ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావు, కళకళలాడుతున్నావ్' అంటుంది. ఆవిడ ఉద్దేశం మంచిదే. పిల్లకు మాత్రం 'లావయ్యావ్' అని వినిపిస్తుంది. ఆవిడకు ముందురోజే ఓ మాట చెప్పి ఉంచండి. పిల్ల ఒంటి గురించి ఏమీ అనొద్దని, 'వచ్చావా, బాగున్నావా' అంటే చాలని.

చేర్పించాలా వద్దా అని ఇంకా ఊగిసలాడుతుంటే, ముందు ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే, ప్రభుత్వ టెలిమానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్ల స్పృహ తప్పినా, దడగా ఉందన్నా మాత్రం ఫోన్లు పక్కనపెట్టి ఆసుపత్రికి బయల్దేరండి.